జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్ (1973) కాలేజీలో వేస్తున్నాం: తెలుగు సబ్‌టైటిళ్లు, సౌండు, ముందు రెండు పాటలు

వెండితెర_బెంచీ (ప్రశ్న)

గుడ్ ఫ్రైడేకి ముందు వారం కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో నార్మన్ జ్యూయిసన్ తీసిన ఈ సినిమా వేయాలని నిర్ణయమైంది. హాల్లో నేల చదును, మెట్లు లేవు. 150 కుర్చీలు, 10 అడుగుల వెడల్పు తెర, స్టాండ్ల మీద రెండు 12 అంగుళాల స్పీకర్లు, ఒక చిన్న మిక్సరు. చూసేవాళ్లలో సగం పైన తెలుగు మీడియం వాళ్లు, అందుకని తెలుగు సబ్‌టైటిళ్లు మేమే రాస్తున్నాం. ఇప్పటికి తగిలిన చిక్కులు ఇవి:

పాత డీవీడీకి కుదిర్చిన టైమింగు బ్లూ-రేకి కుదరడం లేదు. మొదట్లో సరిపోతున్నట్టే ఉండి, పోనుపోను తేడా పెరుగుతోంది. ల్యాప్‌టాప్‌లో తెలుగు బాగానే కనిపిస్తోంది గానీ, ప్రొజెక్టర్‌కి నేరుగా పెన్‌డ్రైవ్ పెడితే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ట్రయల్ వేసి చూస్తే గిటార్లు, డ్రమ్ములు బ్రహ్మాండంగా మోగుతున్నాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంది.

ఇంకా అడగాల్సినవి: సబ్‌టైటిళ్లు బైబిల్ భాషలో రాయాలా, మామూలు భాషలోనా? ముందు విద్యార్థుల బ్యాండు రెండు పాటలు వాయిస్తుంది, ఏవైతే గట్టెక్కుతారు? "కరుణామయుడు" లాంటి సినిమా అనుకుని వచ్చేవాళ్లకు ముందే ఏం చెప్పాలి? 2000లో వచ్చిన వెర్షన్ వేస్తే ఇంతకంటే తేలికా?

పాతరీలు

చివరి రెండు ప్రశ్నలు ముందు తీసుకుంటాను, మిగతా పనంతా వాటి మీదే ఆధారపడుతుంది.

1973దే వేయండి. 2000లో గ్లెన్ కార్టర్ క్రీస్తుగా వచ్చింది రంగస్థల ప్రదర్శనను స్టూడియోలో చిత్రీకరించినది. 2018లో జాన్ లెజెండ్ చేసింది టీవీలో లైవ్‌గా వచ్చిన కచేరీ. రెండింటిలో పాడినవాళ్లు మంచివాళ్లే, కానీ సినిమా క్లబ్బులో మాట్లాడుకోవడానికి సరుకు జ్యూయిసన్ దాంట్లోనే ఉంది.

వరస కూడా చెప్పండి: ఆండ్రూ లాయిడ్ వెబర్ సంగీతం, టిమ్ రైస్ పాటలతో 1970లో ముందు డబుల్ ఆల్బమ్‌గా వచ్చింది. 1971లో బ్రాడ్‌వే ఎక్కింది. ఆ తర్వాతే సినిమా. ఆల్బమ్‌లో మగ్దలేనే మరియ పాడిన ఇవోన్ ఎలిమన్, పిలాతు పాడిన బ్యారీ డెనెన్ సినిమాలోనూ అవే పాత్రలు వేశారు. ఆల్బమ్‌లో క్రీస్తు గొంతు డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండు గాయకుడు ఇయన్ గిలన్‌ది. సినిమాలో టెడ్ నీలీ. యూదాగా కార్ల్ ఆండర్సన్. నిజానికి ఇది యూదా సినిమా. మొదటి పాట అతనిదే, ప్రశ్నలన్నీ అతనివే.

వచ్చేవాళ్లకు ముందే చెప్పాల్సింది మూడు ముక్కలు. మొదటిది: దాదాపు మొత్తం పాటే, విడి మాటలు బహు తక్కువ. మొదటి ఐదారు నిమిషాలైతే పాట కూడా ఉండదు, వాద్యసంగీతం మీద ఎడారిలోకి ఒక బస్సు వస్తుంది. సబ్‌టైటిల్ రావట్లేదేమని వెనక నుంచి కేకలు మొదలయ్యేది అక్కడే.

రెండోది ఆ బస్సు. అందులోంచి దిగేది కుర్రకారు నాటక సమాజం. సిలువ, సామాన్లు దింపుకుని, వేషాలు కట్టుకుని ఆట మొదలుపెడతారు. చివర వేషాలు విప్పి బస్సు ఎక్కుతారు. ఎవరు ఎక్కలేదో చూడమని మాత్రం చెప్పండి, అంతకు మించి వద్దు. ఈ చట్రం తెలియకపోతే రోమా సైనికుల చేతిలో తుపాకులు, యూదాను తరిమే ట్యాంకులు, తల మీంచి పోయే జెట్ విమానాలు, దేవాలయం సంతలో మెషిన్ గన్లు చూసి జనం నవ్వుతారు. తెలిస్తే అర్థమవుతుంది: 1972లో ఇజ్రాయెల్‌లో షూటింగ్ చేస్తూ ఆ నేల మీద కనబడేవాటినే దర్శకుడు కథలోకి తెచ్చాడు. యాజకులు పరంజా కర్రల మీద కాకుల్లా కూర్చున్న చోటు నెగెవ్ ఎడారిలోని అవ్దాత్ శిథిలాలు. గుహల్లో తీసిన సీన్లు బేత్ గువ్రిన్‌వి.

మూడోది పునరుత్థానం. ఇందులో లేదు. చివరి వాద్యసంగీతానికి పెట్టిన పేరే యోహాను 19:41. తోట, అందులో కొత్త సమాధి, ఆ వచనంలో ఉన్నది అంతే. "కరుణామయుడు" లెక్కన వచ్చినవాళ్లు ఇంకో పది నిమిషాలు ఉందనుకుని కూర్చునే ఉంటారు.

సువార్తల్లో చదివినదానికి ఎక్కడెక్కడ తేడా ఉందో ఒక చీటీ మీద అచ్చేసి పంచితే మంచిది, గొడవలు వచ్చేది అక్కడే. కల కన్నది మత్తయి 27:19 ప్రకారం పిలాతు భార్య, ఇక్కడ పిలాతే. అత్తరు ఖరీదు గురించి యూదా సణిగేది యోహాను 12లో బేతనియ మరియ మీద, ఇక్కడ ఆమె స్థానంలో మగ్దలేనే మరియ. హేరోదు ముందు విచారణ లూకా 23లో ఒక్కచోటే ఉంది. ఇక్కడ దాన్ని నీటి మీద తేలే వేదికపై పాతకాలం హాస్య నృత్యంలా చేశారు. కొరడా దెబ్బలు 39 అని ఏ సువార్తా చెప్పదు. ఆ లెక్క పౌలు చెప్పిన "ఒకటి తక్కువ నలువది" (2 కొరింథీ 11:24), అది యూదుల శిక్షకు సంబంధించిన హద్దు. సినిమాలో కొట్టేది రోమా సైనికులు.

అప్పట్లో రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. పునరుత్థానం లేదని, క్రీస్తును మరీ మామూలు మనిషిని చేశారని క్రైస్తవుల్లో కొందరు. యాజకుల్ని చూపిన తీరు, క్రీస్తును చంపింది యూదులేనన్న పాత నిందను మళ్లీ లేపుతుందని అమెరికాలోని యూదు సంస్థలు. రెండోది మన దగ్గర ఎవరికీ తట్టదు, అందుకే మీరే ఎత్తండి.

ఇంటర్వెల్ కావాలంటే యూదా ముప్పై వెండి నాణేలకు ఒప్పుకున్నాక ఆపండి. రంగస్థలం మీద మొదటి అంకం ముగిసేది కూడా అక్కడే. వేరే ఎక్కడ కోసినా పాట మధ్యలో తెగుతుంది. మొత్తం నిడివి 1 గంట 48 నిమిషాలకు కాస్త అటూఇటూ. అమెరికాలో దీనికి అందరూ చూడొచ్చనే జి సర్టిఫికెట్ ఇచ్చారు గానీ, కొరడా దెబ్బల సీను నెత్తురుతో సహా ఉంటుంది. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లకు చెప్పి ఉంచండి.

ఒత్తుపొల్లు

టైమింగు సంగతి. పోనుపోను పెరిగే తేడా అంటే ఫ్రేమ్ రేటు తేడా. మన దగ్గర అమ్మిన పాత డీవీడీలు ఎక్కువగా పాల్ పద్ధతివి, సెకనుకు 25 ఫ్రేములు. బ్లూ-రే 23.976. డీవీడీ ఆ మేరకు పరిగెడుతుంది. డీవీడీలో 57 నిమిషాల 33 సెకన్ల దగ్గర పడే మాట బ్లూ-రేలో సరిగ్గా గంట దగ్గర పడుతుంది. ఒక్కో లైను చేత్తో జరుపుతూ కూర్చోవద్దు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చే ఆప్షన్‌లో 25 నుంచి 23.976 అని ఇస్తే అన్ని టైములూ 1.0427తో గుణించి ఇస్తుంది. తర్వాత కూడా మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా మిగిలితే అది ముందున్న కంపెనీ లోగోల నిడివి తేడా, మొత్తాన్ని ఒకేసారి జరపండి. ముందు సాగదీత, ఆ తర్వాతే జరపడం. తిరగేస్తే రెండూ చెడతాయి.

సరిపోయిందో లేదో బస్సు దగ్గర చూస్తే తెలియదు, అక్కడ మాటే లేదు కదా. యూదా మొదటి పాటలో మొదటి మాట, సిలువ మీద చివరి మాట, ఈ రెండూ కలిస్తే మధ్యలోవన్నీ కలిసినట్టే.

ఒత్తులు విడిపోవడం మీ ఫైలు తప్పు కాదు. ప్రొజెక్టర్లలో, టీవీల్లో ఉండే ప్లేయర్లు ఒక్కో అక్షరాన్ని విడిగా పరుస్తాయి, ఒత్తును కిందికి చేర్చే తెలివి వాటికి ఉండదు. ఫైలు యూటీఎఫ్-8గా సేవ్ చేయకపోతే ప్రశ్నార్థకాలు వస్తాయి, ఫాంట్‌లో తెలుగు లేకపోతే డబ్బాలు వస్తాయి. మీకు వచ్చేది ఈ రెండూ కాదు, మూడో జబ్బు. మందు ఒకటే: అక్షరాల్ని బొమ్మలోకే కాల్చేయడం, అంటే వీడియోలోనే భాగం చేసేయడం. హ్యాండ్‌బ్రేక్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాంటి వీడియో సాఫ్ట్‌వేర్‌తో చేయొచ్చు. లేదా పెన్‌డ్రైవ్ మానేసి ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐతో ఆడించండి.

కాల్చేటప్పుడు ఇంకో లాభం ఉంది. ఈ సినిమా 2.35:1 వెడల్పు. 1920 × 1080 ఫ్రేములో బొమ్మ ఎత్తు 817 పిక్సెళ్లే, పైన 131, కింద 131 నలుపు. తెలుగు రెండు వరసలు 131లో పట్టవు. 54 పిక్సెళ్ల అక్షరానికి ఒత్తూ గుడీ కొట్టుకోకుండా వరసకు 80 దాకా కావాలి. మీ హాలు చదును, కింద రాస్తే ముందు వరస తలలు అడ్డం. అందుకని నలుపునంతా ఒకే వైపుకి తోయండి: బొమ్మను ఫ్రేములో అడుగుకు దించి, పైన 263 పిక్సెళ్లు ఖాళీ ఉంచి, సబ్‌టైటిళ్లు అక్కడ పెట్టండి. మీ 10 అడుగుల తెర మీద అది 1 అడుగు 4 అంగుళాల పట్టీ అవుతుంది. ఒపెరా హాళ్లలో అనువాదం వేదిక పైభాగాన వేస్తారు, ఇదీ అదే పద్ధతి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ముందు ఖాళీ కలిపే ఫిల్టరు, తర్వాత సబ్‌టైటిల్ ఫిల్టరు రావాలి. వరస మారితే అక్షరాలు బొమ్మ మీదే పడతాయి. బొమ్మ అడుగుకు దిగింది కాబట్టి తెర కింది అంచు నేల నుంచి కనీసం 4 అడుగులు ఉండేలా కట్టండి.

ఫాంటు నోటో శాన్స్ తెలుగు గానీ మండలి గానీ. లావు ఫాంట్లు పోస్టరుకు బాగుంటాయి, దూరం నుంచి మాత్రం ఒత్తుల సందులు మూసుకుపోయి "త్త" ఏదో "త్ర" ఏదో తెలియదు.

సాఫ్ట్‌వేర్ "చదవడానికి సమయం చాలదు" అని ఎర్రగా చూపిస్తే కంగారు పడకండి. అది గుణింతాల్నీ ఒత్తుల్నీ విడి అక్షరాలుగా లెక్కేస్తుంది. "స్త్రీ" మనకు ఒక అక్షరం, దానికి ఆరు. ఆ ఎరుపు చూసి మంచి మాట కత్తిరించుకోవద్దు. పైకి ఒకసారి చదివి చూడండి, పాడేవాడు ముగించేలోపు మీ చదవడం అయితే చాలు. ఒక వరసలో ఐదారు మాటలు, రెండు వరసలు దాటొద్దు.

కొరడా దెబ్బల అంకెలకు సబ్‌టైటిల్ వేయకండి. పిలాతు గొంతే లెక్క చెబుతుంది, అక్షరాలు చదువుతూ ఉంటే ముఖం చూడరు.

మగ్గంమాట

భాష గురించి. పేర్లు బైబిల్‌లోవే వాడండి: యూదా, కయప, అన్న, పిలాతు, హేరోదు, పేతురు, గెత్సేమనే, హోసన్న. ఇంగ్లిష్ ఉచ్చారణలో "జూడస్", "కయాఫస్" అని రాస్తే సగం మంది పోల్చుకోరు. పేర్ల దగ్గర ఆగండి. మాట మాత్రం వాడుక భాషే. టిమ్ రైస్ రాసింది 1970ల కుర్రాళ్ల మాట. దానికి "నీవు చేయుచున్నదేమి" అని రాస్తే సినిమా చచ్చిపోతుంది. యాజకులకు ఒక్కళ్లకు కాస్త బిగిసిన ఆఫీసు భాష ఇవ్వొచ్చు, వాళ్లు మాట్లాడేది ఆ ధోరణిలోనే.

అసలు కష్టం సర్వనామాల దగ్గర. ఇంగ్లిష్‌లో ఒక్క మాటతో పోయేది మనకు వాడు, అతను, ఆయన అని మూడు మెట్లు. యూదా క్రీస్తుతో "నువ్వు" అనాలి, పాత స్నేహితుడి చనువు అది. "మీరు" అన్నారో, మొదటి పాటలోని కోపమంతా అర్జీ అయిపోతుంది.

మరియ పాటలో "అతను" రాయండి. ఎంతోమంది మగాళ్లను చూశాను, ఇతనూ ఒక మగాడే అని తనకు తాను నచ్చజెప్పుకుంటోంది. "ఆయన" అన్న క్షణంలో అది ప్రార్థన గీతం అవుతుంది.

ఒత్తుపొల్లు

ఇక్కడ ఒప్పుకోను. తెలుగులో భార్య భర్తను ఏమంటుంది? "ఆయన" అనే. ఆ మాటలో గౌరవమూ ఉంది, చనువూ ఉంది. మరియ ఇరుక్కున్నది కూడా సరిగ్గా ఆ రెంటి మధ్యే. "అతను" అంటే దూరం, పక్కవీధి మనిషి. ఇంగ్లిష్‌లో లేని సౌకర్యం మన భాష ఉత్తినే ఇస్తుంటే వదులుకోవడం ఎందుకు?

మగ్గంమాట

సరే, ఆ వాదన బాగుంది. అయితే ఒక షరతు. యూదా చావడానికి ముందు మరియ పాట బాణీలోనే అవే మాటలు పాడతాడు. మరియకు "ఆయన" అంటే అక్కడ యూదాకీ "ఆయన్ని ఎలా ప్రేమించాలో" అనే రావాలి, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఇద్దరూ ఒకే చిక్కులో ఉన్నారని చూసేవాడికి చెప్పేది ఆ పోలికే. ఇద్దరు అనువాదకులు చెరో సగం చేస్తుంటే తప్పకుండా తెగేది ఈ దారమే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. హోసన్న పాటలో జనం అదే పల్లవి మళ్లీ మళ్లీ ఎత్తుకుంటారు: మొదట మమ్మల్ని చూసి నవ్వవా అని, తర్వాత మాకోసం పోరాడవా అని, చివర మాకోసం చావవా అని. ఈ మూడింట్లో మారేది ఒక్క మాట. ఆ మాట దగ్గరే క్రీస్తు ముఖంలో నవ్వు పోతుంది. మూడు చోట్లా వాక్యం ఒకేలా ఉంచి, క్రియ ఒక్కటే మార్చి, దాన్ని చివర్లో పెట్టండి. తెలుగులో క్రియ ఎలాగూ చివరే వస్తుంది, ఇది మనకు కలిసొచ్చిన చోటు.

దేవాలయం పాటలో మూడేళ్లు కష్టపడ్డాను, ముప్పై ఏళ్లలా ఉంది అంటాడు. గెత్సేమనేలో మళ్లీ ముప్పై అని, కాసేపటికి తొంభై అంటాడు. పొరపాటనుకుని ఎవరో ఒకరు దిద్దుతారు. దిద్దనివ్వకండి.

దేవాలయం పాటలో ఇంకొకటి: సంతలో సరుకు అమ్మేవాళ్ల బాణీ, తర్వాత రోగులు చుట్టుముట్టి పాడే బాణీ ఒకటే. "రండి, చూడండి, కొనండి" అని మీరు మొదట పెడితే, "చూడు, నా కళ్లు చూడు" అని రెండోచోట అదే పొట్టి తూకంలో రావాలి.

హమ్ము_వేటగాడు

గొంతు బావిలోంచి రావడానికి కారణం రెండింటిలో ఒకటి. రెండూ కనుక్కోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఒకటి: బ్లూ-రేలో సౌండు 5.1, అంటే ఆరు విడి ఛానెళ్లు. పాడేవాళ్ల గొంతు ప్రధానంగా మధ్య ఛానెల్లో ఉంటుంది. ప్లేయరు ఇంకా 5.1 పంపిస్తూ ఉంటే, మీరు ఎడమ కుడి మాత్రమే తీసుకుని రెండు స్పీకర్లకు ఇస్తే, మధ్య ఛానెల్ గాలికి పోయినట్టే. ప్లేయరు సెట్టింగులో సౌండు అవుట్‌పుట్‌ను స్టీరియో లేదా డౌన్‌మిక్స్ అని మార్చండి, మధ్య ఛానెల్ రెండు వైపులకీ పంచుతుంది.

రెండు, ల్యాప్‌టాప్ వాడుతుంటే ముందు అనుమానించాల్సింది ఇదే: కేబులు. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి రెండు చివరలా మూడు భాగాల పిన్నున్న ఒకే కేబులు మిక్సరు బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చితే, మిక్సరు ఎడమ నుంచి కుడిని తీసేస్తుంది. రెండు వైపులా సమానంగా ఉన్నది, అంటే గొంతు, బాసు, కిక్ డ్రమ్ము, సున్నా అవుతుంది. మిగిలేది పక్కల గిటార్లు, గొంతు వెనకాల ప్రతిధ్వని. మీరు చెప్పిన "బావి" అచ్చం ఇదే. చిన్న స్టీరియో పిన్ను నుంచి రెండు విడి మోనో పిన్నులుగా చీలే కేబులు కొని, రెండు ఛానెళ్లలో పెట్టి, ఒకదాన్ని పూర్తిగా ఎడమకు, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి తిప్పండి.

ల్యాప్‌టాప్ ఛార్జరు పెట్టగానే గుయ్యిమంటే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పెట్టండి. ఛార్జరు పీకేసి రెండు గంటలు బ్యాటరీ మీద నడపడం జూదం. బ్లూటూత్ స్పీకరు అసలొద్దు, సౌండు ఆలస్యంగా వచ్చి పెదవులకీ పాటకీ పొంతన ఉండదు. ఈ సినిమాలో పాటలు ముందే రికార్డు చేసి ఎడారిలో పెదవులు కలిపారు, ముఖాలు దగ్గరగా చూపే షాట్లు ఎక్కువ. ఆ కాస్త తేడా కూడా ఇట్టే పట్టిస్తుంది.

వాల్యూము బస్సు దగ్గర సెట్ చేయకండి. మొదటి పాటలో యూదా మాట వెనక వరసకు తేటగా వినబడేంత పెట్టి, తర్వాత కొరడా దెబ్బల సీను ఆడించి చెవులు పగలకుండా ఉందో లేదో చూడండి. అక్కడ బాగుంటే అంతటా బాగుంటుంది. ఖాళీ హాల్లో గోడలు గింగురుమంటుంటే నేల మీద జంపఖానాలు, వెనక గోడకు మందపాటి పరదాలు. 150 మంది కూర్చున్నాక సగం ప్రతిధ్వని వాళ్లే పీల్చుకుంటారు. స్పీకర్లు కూర్చున్నవాళ్ల తలల కంటే ఎత్తులో పెట్టి, మూతి చివరి వరస వైపు తిప్పండి.

ఏడుదెబ్బలు

పాటల విషయం. సరదాగా ఉందని దేవాలయం పాట ఎత్తుకోకండి, అది ఏడు లెక్క. మిశ్రం తెలిసినవాళ్లకు "తకిట తకధిమి" అని నోట్లో తిరుగుతుంది. సినిమా పాటలకు వాయించే డ్రమ్మరు మాత్రం ఎనిమిదో దెబ్బ వేసేస్తాడు, మరుక్షణం గిటారు ఒక దారి, గొంతు ఒక దారి. పైగా రెండో సగంలో వేగం పెరుగుతూ పోతుంది.

"ఎవ్రీథింగ్స్ ఆల్‌రైట్" ఐదు లెక్క, సాధనకు పది రోజులుంటే చేయొచ్చు. వాద్యాలు పట్టుకోకముందు అందరూ చేత్తో ఐదు వేస్తూ పాట మొత్తం వినాలి, రోజుకు నాలుగుసార్లు. మన చెవికి ఆరు బాగా అలవాటు, జానపదం నుంచి సినిమా దాకా. అలిసిపోగానే చేయి ఆరో దెబ్బ వేసేస్తుంది. డ్రమ్మరు ఫిల్లులు మానేసి సింబలు మీద సమంగా ఐదు నడిపితే చాలు, విరుపు ఎక్కడో బాసు గిటారు చెబుతుంది. మరియ మెత్తగా పాడుతుంటే యూదా మధ్యలో దూసుకొస్తాడు. లెక్క అదే, ఊపు మాత్రం మారుతుంది. వేగం పెంచేస్తారు అక్కడ. మెట్రోనోమ్ పెట్టి ఆ అతుకు ఒక్కటే యాభైసార్లు చేయించండి.

రెండో పాట మరియది, "ఐ డోంట్ నో హౌ టు లవ్ హిమ్". ఒక ఎకూస్టిక్ గిటారు, బాసు, కీబోర్డు చాలు. డ్రమ్ములు మొదటి చరణంలో వద్దు.

"గెత్సేమనే" ఎవరైనా పాడతానంటే ముందు ఆ పాటలో వచ్చే పెద్ద కేక సంగతి చెప్పండి. అది జి స్వరం. ఒకటి శ్రుతిలో (సి) పాడే మగవాడికి తారస్థాయి దాటి, ఆపై స్థాయి పంచమం. ఛాతీ గొంతుతో తోస్తే వారం రోజులు మాట రాదు. తలగొంతుతో సన్నగా పట్టుకుని మీదికి తేవాలి, అదీ ఏళ్ల సాధన ఉన్నవాళ్లు. రెండు పాటల కార్యక్రమానికి అక్కర్లేదు.

పైన ఫ్రేమ్ రేటు సంగతి చదివారుగా, అది బ్యాండుకూ తగులుతుంది. ఆ పాత డీవీడీతో కలిసి సాధన చేస్తే గిటారు ఎంత శ్రుతి చేసినా కలవదు. వేగం పెరిగినంత మేరా స్వరమూ పెరిగి, అరమెట్టు కంటే కొంచెం తక్కువగా పైకి ఉంటుంది. యూదా మొదటి పాట డి మైనరు. డీవీడీలో అది అటు డి కాదు, ఇటు ఈ ఫ్లాట్ కాదు. గిటారును తిట్టకుండా బ్లూ-రేతోనో ఆడియో ఆల్బమ్‌తోనో సాధన చేయండి. ఆ పాట గిటారు పలుకు గుర్తుపెట్టుకోండి, కొరడా దెబ్బల కింద నడిచేది మళ్లీ అదే. సినిమా అయ్యాక చర్చలో అడగడానికి మంచి ప్రశ్న.

సెక్షన్_52

ఎవరూ ఎత్తలేదు కాబట్టి: సొంతానికి కొన్న డిస్కుతో బహిరంగంగా వేసే హక్కు రాదు. 1957 కాపీరైట్ చట్టం 52(1)(జె) విద్యాసంస్థలకు వెసులుబాటు ఇస్తుంది. కాలేజీ కార్యక్రమాల్లో భాగంగా, ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ పనులతో సంబంధమున్నవాళ్లు మాత్రమే అయితే సినిమా వేయొచ్చు. సిబ్బంది, విద్యార్థులు అలాంటి ప్రేక్షకుల ముందు పాటలు వాయించడమూ అందులోకే వస్తుంది. అందుకని పోస్టరు మీద "అందరూ ఆహ్వానితులే" అని వేయకండి, ఆ ఒక్క మాటతో వెసులుబాటు పోతుంది.

ఇదే కార్యక్రమం తర్వాత చర్చి హాల్లో పెడదాం అని ఎవరైనా అంటారు. మత సంస్థల ప్రయోజనం కోసం, ఔత్సాహికుల ప్రదర్శనల కోసం ఉన్న 52(1)(ఎల్) నాటకానికీ సంగీతానికీ గానీ సినిమాకు కాదు. అక్కడ వేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. సబ్‌టైటిల్ ఫైలు కూడా నెట్‌లో పెట్టకండి, పాటల అనువాద హక్కు కూడా హక్కుదారులదే.

వెండితెర_బెంచీ

కేబులే. మూడు భాగాల పిన్ను. మార్చగానే గొంతు ముందుకొచ్చింది. ఫ్రేమ్ రేటు మార్చాక చివరి మాట దాకా కలిసింది, మొదట్లో 4 సెకన్లు జరపాల్సి వచ్చింది. సబ్‌టైటిళ్లు పై పట్టీలోకి మారుస్తున్నాం, మరియకూ యూదాకూ "ఆయన" ఖాయం.

ఇంకొక్కటి. సినిమా మధ్యలో గెత్సేమనే పాటలో చకచకా పాత సిలువ చిత్రాలు వస్తాయి కదా. వాటి మీద సబ్‌టైటిల్ ఉంచాలా, తీసేయాలా?

మగ్గంమాట

ఆ చిత్రాలు వచ్చేటప్పుడు పాట ఆగి వాద్యాలే ఉన్న చోట ఏమీ వేయకండి. ముందు లైను అలవాటుగా ఇంకో రెండు సెకన్లు నిలబెట్టేస్తారు చాలామంది. అది పాట ఆగిన చోటే తీసేయాలి, లేకపోతే కళ్లు పైకే ఉండి బొమ్మలు జారిపోతాయి. ఒక్కో చిత్రం కనబడేది కన్నుమూసి తెరిచేంత సేపే.